గరగర అని వెతికితే దొరకాలి

మా బాబాయ్ ఖరగ్‌పూర్‌లో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఒక కర్మాగారంలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. ఆయన దగ్గర 11 డైరీలున్నాయి. ఏ యంత్రం ఎప్పుడు మొరాయించింది, అసలు కారణం ఏమిటి, ఏం చేస్తే కుదుటపడింది అన్నీ వాటిలో ఉన్నాయి. వెళ్లిపోయేలోగా వాటిని తన కింద పనిచేసే కుర్రాడికి అప్పజెప్పాలని ఆయన కోరిక. డైరీలు తెలుగులో ఉన్నాయి. కుర్రాడు బెంగాలీ.

మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఈ పని మీదేసుకున్నాడు. మంచి నోట్స్ యాప్ ఏదో తేల్చడానికే వాడికి నెల పట్టింది. వీడియోలు చూశాడు, నాలుగు యాప్‌లు మార్చాడు, రంగురంగుల ఫోల్డర్లు కట్టాడు. చివరికి ఒకదాంట్లో 40 నోట్లు టైపు చేసి, నేను సెలవులకు వెళ్లినప్పుడు గర్వంగా చూపించాడు. బాబాయ్ కుర్చీలోంచి లేవకుండానే పరీక్ష పెట్టారు. "కన్వేయర్ మోటారు బేరింగు సంగతి తియ్యి, చూద్దాం."

తమ్ముడు ‘బేరింగ్’ అని కొట్టాడు. రెండు నోట్లు వచ్చాయి. ఆయన అడిగింది వాటిలో లేదు. ఇంకోసారి కొట్టాడు, లేదు. ఈలోగా బాబాయ్ 2019 డైరీ తీసి, మధ్యకంటే కాస్త ముందు, టీ మరక ఉన్న పేజీ తెరిచారు. అర నిమిషం కూడా పట్టలేదు. "ఏటమ్మా, మీ ఫోనుకి తెలుగు రాదా?" అని నావైపు చూశారు. భౌతిక శాస్త్రం చదివి సైన్స్ గురించి రాసే మనిషిని కాబట్టి జవాబు నేను చెప్పాలన్నమాట.

ఆ పేజీలో ఉన్నది మూడే ముక్కలు. బేరింగులో గరగర. గ్రీసు కాదు. కప్లింగ్ అలైన్‌మెంట్ చూడు. ఆ ఏడాది రెండు నెలల్లో అదే బేరింగును మూడుసార్లు మార్చారట. కంపెనీ కంప్యూటర్లో మూడుసార్లూ తేదీ, విడిభాగం నంబరు, ‘మార్చడమైనది’ అన్న మాట ఉన్నాయి. ఎందుకు మార్చాల్సి వచ్చిందో లేదు. మోటారు ఇరుసు, దానికి తగిలించిన ఇరుసు ఒకే గీత మీద లేకపోతే కొత్త బేరింగు వేసినా అరిగిపోతుంది. ఆ సంగతి ఈ డైరీలో తప్ప ఎక్కడా రాసి లేదు.

నోట్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఏది మంచిది అని నన్ను తరచూ అడుగుతుంటారు. పీహెచ్‌డీ విద్యార్థులు, టీచర్లు, ఈమధ్య ఒక పశువైద్యురాలు కూడా. ఫీచర్ల పట్టికలు పక్కన పెట్టుకుని అడుగుతారు. ఆ పట్టికల్లో ఎక్కడా కనిపించని ప్రశ్న బాబాయ్ వేసిందే: నా భాషలో, నేను రాసే తీరులో రాసినది, నాకు కావలసిన రోజున దొరుకుతుందా? తెలుగువాళ్లు యాప్‌ను ఎంచుకోవాల్సింది ముందుగా ఈ ప్రశ్నతోనే అని నా అభిప్రాయం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న ఎందుకు అంత పదునుగా తగులుతుందో చెప్పాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇక్కడి వర్క్‌షాపు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. బాబాయ్ వాళ్ల నాన్నగారు ఆ వర్క్‌షాపులోనే పనిచేశారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే ఇక్కడి తెలుగువాళ్ల సంఖ్య ఒక కారణం. ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, బజారులో బెంగాలీ, పనిలో హిందీ. చదువులు ఇంగ్లిషులో. తెలుగు లిపి చదవగలిగే పిల్లలు తక్కువ. మా తమ్ముడు నాయనమ్మ దగ్గర కూడబలుక్కుని నేర్చుకున్నాడు. రైల్వే తర్వాత వచ్చిన కొత్త పనిచోటు ఈ పార్కు. ఎక్స్‌కవేటర్లు తయారుచేసే టాటా హిటాచీ కర్మాగారం ఇక్కడే ఉంది. ఇలాంటి చోట పనివాడి నోటుపుస్తకంలో మూడు భాషలు ఒకే వాక్యంలో ఉంటాయి.

ఇక తమ్ముడి ఫోన్ ఎందుకు తెల్లమొహం వేసిందో చూద్దాం. ఇందులో రహస్యమేమీ లేదు, కానీ యాప్‌ల సమీక్షల్లో ఎవరూ రాయరు.

మనకు కనిపించేది అక్షరం. కంప్యూటర్‌కు కనిపించేది యూనికోడ్ సంకేతాల వరస. ‘బేరింగ్’ చివర గ తర్వాత పొల్లు సంకేతం ఉంది. ‘బేరింగులో’ అని రాస్తే అదే చోట కొమ్ము సంకేతం ఉంటుంది. బాబాయ్ తరంవాళ్లు మాటను అజంతంగా పలుకుతారు, అలాగే రాస్తారు: బేరింగు, మోటారు, బోల్టు. తమ్ముడు ‘బేరింగ్’ అని వెతికాడు. యాప్ అక్షరాలా అదే వరస కోసం చూసింది, లేదంది. దాని తప్పు లేదు. చివరి పొల్లు తీసేసి ‘బేరింగ’ అని వెతికితే రెండు రూపాలూ దొరుకుతాయి. నేను అలా కొట్టి చూపిస్తే టీ మరక పేజీ పైకి వచ్చింది. పిన్ని మాత్రం, "అయితే తప్పుగా రాస్తేనే దొరుకుద్దా?" అంది.

రెండోది కంటికి కనపడని చిక్కు. ‘గేర్‌బాక్స్’ అని రాసినప్పుడు ర్ కింద బా ఒత్తుగా దిగిపోకుండా ఆపడానికి మధ్యలో ఒక సంకేతం ఉంటుంది. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దాన్ని పెట్టేస్తాయి. అప్పుడు తెర మీద రెండు ‘బేరింగ్’లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, ఒకదాని తోకలో మాత్రం కనపడని సంకేతం ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం తెలియని యాప్‌లో తోక ఉన్న మాటతో వెతికితే తోక లేనిది దొరకదు. ఐత్వంతోనూ ఇదే పేచీ. దాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తుకు కింది తోక కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. వెతికే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోవాల్సిన బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది. అన్నీ ఆ పని చేయవు.

మూడోది మరీ మొరటు సమస్య. యూనికోడ్ వర్గీకరణలో క, గ, ర లాంటివి అక్షరాలు. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు మాత్రం అక్షరాలు కావు, ‘చిహ్నాలు’ అనే వేరే వర్గం. ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకుని రాసిన కొన్ని సెర్చ్ ఉపకరణాలు అక్షరాలను, అంకెలను మాత్రమే మాటలో భాగంగా లెక్కవేసి, మిగతావాటి దగ్గర మాటను తెంచేస్తాయి. వాటి దృష్టిలో ‘బేరింగ్’ అంటే బ, ర, గ అనే మూడు తునకలు. ఇక దేన్ని వెతికినా సంబంధం లేని నోట్లు గుట్టలుగా వస్తాయి, లేదా ఏదీ రాదు.

వీటన్నిటినీ సరిచేసినా వ్యాకరణం మిగిలే ఉంటుంది. నీరు, నీళ్లు, నీటి. ఇల్లు, ఇంటి. ఒకే మాటకు మొదళ్లే మారిపోతాయి. ‘నీరు’ అని వెతికితే ‘నీటి పంపు’ దొరికే నోట్స్ యాప్ నాకైతే ఇంతవరకు తగల్లేదు. అందుకే కొత్త యాప్ ఏది చూసినా నేను ముందు ఓ పావుగంట ఇదే పని చేస్తాను. నాలుగు నోట్లు రాస్తాను: ఒకటి పొల్లుతో, ఒకటి కొమ్ముతో, ఒకటి ఐత్వంతో, ఒకటి గేర్‌బాక్స్ లాంటి మాటతో. తర్వాత వేరే ఫోన్, వేరే కీబోర్డు నుంచి వెతుకుతాను. ఇందులో తప్పిన యాప్‌కు ఎంత అందమైన తెరలున్నా నాకు అక్కర్లేదు.

అసలు ఈ ఫోల్డర్లు, రంగులు, ట్యాగులు ఎంతవరకు పనికొస్తాయి? తమ్ముడు వాటి మీద వారాలు ఖర్చుపెట్టాడు. 2011లో స్టీవ్ విటేకర్, ఐబీఎం పరిశోధకులు కలిసి 345 మంది ఈమెయిల్ వాడకాన్ని, వాళ్లు పాత మెయిళ్లను వెతుక్కున్న 85,000కు పైగా సందర్భాలను పరిశీలించారు. ఎంతో శ్రమపడి ఫోల్డర్లలో సర్దుకున్నవాళ్లకు వెతికినది దొరకడంలో అదనపు లాభమేమీ కనిపించలేదు. ఇది చదివి ఫోల్డర్లన్నీ తీసి పారేయమనేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. మెయిల్‌కు పంపినవారి పేరు, తేదీ, విషయం వాటంతట అవే అతుక్కుని వస్తాయి. వెతకడానికి పట్టు దొరుకుతుంది. డైరీలో రాసిన మూడు ముక్కలకు ఆ పట్టు మనమే కల్పించాలి. బాబాయ్ నోట్ల విషయంలో అది తేదీ, యంత్రం నంబరు. ఆ రెండూ ఉంటే రంగులు అక్కర్లేదు.

ఆయన టీ మరకను పట్టుకుని పేజీ తీయడం కూడా వింత కాదు. ఇజ్రాయెల్ పరిశోధకుడు ఓఫెర్ బెర్గ్‌మన్, ఆయన సహచరులు చూపించినదేమిటంటే, సెర్చ్ ఎంత మెరుగైనా మనుషులు సొంత ఫైళ్లను వెతకడం కన్నా అవి ఉన్నచోటికి నడిచి వెళ్లి తీసుకోవడానికే మొగ్గు చూపుతారు. డైరీ మందం, మరక, ఆ రోజు వాన, ఇవన్నీ ఆయన బుర్రలో చిరునామాలు. చిక్కేమిటంటే ఆ చిరునామాలు ఆయనతోపాటే మార్చిలో వెళ్లిపోతాయి.

మనిషితోపాటు సమాచారం వెళ్లిపోవడం చిన్న సమస్య కాదు. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టిందే దానికోసం. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్‌లో తన పైవాళ్లకు ఇచ్చిన ప్రతిపాదన పేరే ‘సమాచార నిర్వహణ’. సెర్న్‌కు వచ్చేవాళ్లు చాలామంది రెండేళ్లుండి వెళ్లిపోతారు, ఏ పరికరం ఎందుకు అలా అమర్చారో చెప్పేవాళ్లు ఉండరు, తెలిసినదే మళ్లీ మళ్లీ కనిపెట్టాల్సి వస్తోంది అన్నది ఆయన ఫిర్యాదు. కాంట్రాక్టు మీద కుర్రాళ్లు వచ్చిపోయే ఈ పార్కులోని షాపు ఫ్లోర్‌కూ, కణాలను ఢీకొట్టించే ఆ ప్రయోగశాలకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

ఈమధ్య ‘రెండో మెదడు’ అనే మాట బాగా ప్రచారంలో ఉంది. దాని అభిమానులు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ పేరు చెబుతారు. ఆయన దాదాపు 90,000 చీటీలను ఒకదానికొకటి నంబర్లతో ముడివేసి, వాటి ఆధారంగా పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. నిజంగా అబ్బురమే. కానీ ఆయన చీటీలు రాసింది పుస్తకాలు రాయడానికి. యంత్రం ఆగినప్పుడు పక్కనే నిలబడి, చేతికి గ్రీసుతో, ఒక్క వేలితో వెతికే మనిషి అవసరం వేరు. లూమన్ పద్ధతిని తలకెత్తుకుని ముడులు వేయడమే పనిగా పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఆ జాబితాలో నేనూ ఒకప్పుడు ఉన్నాను.

నా లెక్కలో రెండో ప్రశ్న: యాప్ పోతే నోట్లు మిగులుతాయా? గూగుల్ నోట్‌బుక్ 2006లో వచ్చి 2012లో మూతపడింది. కోట్లమంది వాడిన ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్లకు, ఒక నోటుబుక్కుకు కుదించింది. పాతవి చదువుకోవచ్చు, బయటికి తీసుకోవచ్చు, కొత్తది రాయాలంటే మాత్రం డబ్బు కట్టాలి. వ్యాపారం వాళ్లది, తప్పుపట్టను. కానీ 11 ఏళ్ల డైరీలను అలాంటి తలుపు వెనక పెట్టేముందు తాళం ఎవరి దగ్గరుందో చూసుకోవాలి.

అందుకే నా మొగ్గు సాదా టెక్స్ట్ ఫైళ్ల వైపు. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన మార్క్‌డౌన్ అనే తేలిక పద్ధతిలో శీర్షికకు ముందు ఒక గుర్తు, జాబితాకు ఇంకో గుర్తు పెడతాం, అంతే. ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. అబ్సిడియన్ యాప్ నేరుగా అలాంటి ఫైళ్ల ఫోల్డర్ మీదే పనిచేస్తుంది. జాప్లిన్ తన సొంత డేటాబేస్‌లో దాచుకున్నా, మార్క్‌డౌన్‌లో మొత్తం బయటికి ఇస్తుంది, పైగా దాని సోర్స్ కోడ్ బహిరంగం. కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో తన అవసరం కోసం మొదలుపెట్టిన ఆర్గ్ మోడ్‌కు కూడా పునాది సాదా టెక్స్టే. నేర్చుకోవడం మాత్రం కష్టం, బాబాయ్‌కి చెప్పే సాహసం చేయలేదు.

స్థలం సరిపోదేమో అని తమ్ముడి అనుమానం. కాగితం మీద లెక్క వేశాం. 11 డైరీలు, ఏడాదికి 365 పేజీలు, పేజీకి సగటున 200 సంకేతాలు అనుకుంటే మొత్తం 8 లక్షల చిల్లర. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే సుమారు 24 లక్షల బైట్లు. ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో అంత. బాబాయ్ ఆ మాట విని కాసేపు ఏమీ అనలేదు.

అన్నీ టైపు చేయడం అయ్యే పని కాదు, అక్కర్లేదు కూడా. ఏవి మళ్లీ అవసరపడతాయో ఆయనే గుర్తుపెట్టారు. మిగతా పేజీలకు ఫోటో తీసి, పైన ఒక్క వరస టైపు చేస్తే చాలనుకున్నాం. చేతిరాత తెలుగును యంత్రం చదివి పెడుతుందని ఇప్పుడే నమ్ముకోవద్దన్నాను. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి లాంటి ప్రయత్నాలు మాటను, అనువాదాన్ని ముందుకు తీసుకెళ్తున్నాయి గానీ, గ్రీసు మరకల మధ్య శ్రీకాకుళం యాసకు హిందీ, బెంగాలీ కలిసిన రాత వాటికీ గట్టి పరీక్షే.

పేచీ వచ్చింది ఇంకోచోట. కొన్ని పేజీల్లో ప్రెజర్ సెట్టింగులు, కొలతలు ఉన్నాయి. అవి కంపెనీవి, సొంత క్లౌడ్ ఖాతాలోకి ఎక్కించకూడదని నేను. "నేను రాసుకున్నది నాది కాదా?" అని ఆయన. ఇంట్లో ఒక పూటంతా ఇదే వాదన. చివరికి ఒక గీత గీశారు. అంకెలున్న పేజీలు కర్మాగారం రిజిస్టరులోకే. విని, ముట్టుకుని తెలుసుకున్నది కుర్రాడికి. గీత ఎప్పుడూ అంత నిక్కచ్చిగా ఉండదని తెలుసు. యాప్ ఎంచుకునేటప్పుడు ఈ గీత గురించి ఆలోచించేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక ఆ ఒక్క వరస ఏమని పెట్టాలి? యంత్రం నంబరు, తేదీ సరే. మూడో మాట ఏమిటి? తమ్ముడు ‘బేరింగ్ ఫెయిల్యూర్’ లాంటి పేర్లు పెట్టాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. యంత్రం ఆగినప్పుడు అది బేరింగో, గేరో ఎవడికి తెలుసు, తెలిసేది చప్పుడే కదా అన్నారు. ఆయన డైరీలన్నీ చప్పుళ్లతో నిండి ఉన్నాయి: గరగర, దడదడ, టకటక, కీచు.

ఇది నాకు భలే నచ్చింది, రెండు కారణాలకు. ఒకటి, ఆ చప్పుళ్లలో భౌతిక శాస్త్రం ఉంది. బేరింగు బయటి వలయంలో చిన్న గుంట పడితే ప్రతి గుండు దాని మీదుగా పోయినప్పుడల్లా ఒక దెబ్బ. సెకనుకు ఎన్ని దెబ్బలు అన్నదానికి ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క ఉంది: గుండ్ల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో గుణించి, అందులో పదింట నాలుగో వంతు తీసుకోవాలి. 9 గుండ్లు, నిమిషానికి 1500 చుట్లు అంటే సెకనుకు 90 దెబ్బలు. అంత వేగంగా పడే దెబ్బలు విడివిడిగా వినపడవు, గరగర అని వినిపిస్తుంది. గ్రీసు ఎండినప్పుడు వచ్చేది అంతకన్నా సన్నని కీచు. చెవి ఈ తేడాను మీటరు కన్నా ముందే పట్టేస్తుంది, భాష దానికి పేరు పెట్టేసింది.

రెండోది సెర్చ్ సంగతి. గరగర, దడదడ, టకటక. ఈ మాటల్లో గుణింతం లేదు, పొల్లు లేదు, ఒత్తు లేదు. కనపడని సంకేతం దూరే సందు లేదు. పైన చెప్పిన మూడు జబ్బుల్లో ఏదీ వీటికి అంటదు. మాటను చిహ్నాల దగ్గర తెంచే మొరటు యాప్‌లో కూడా ఇవి చెక్కుచెదరవు. (కీచుకు మాత్రం గుణింతాలున్నాయి. దాన్ని పాపం పరీక్షకు వదిలేశాం.)

పార్కు పేరులో ఉన్న ఈశ్వర్ చంద్ర విద్యాసాగర్ 1820లో పుట్టిన బీర్‌సింహా గ్రామం ఇప్పుడీ జిల్లాలోనే ఉంది. బెంగాలీ అచ్చు అక్షరాలను కంపోజిటర్ పెట్టెలో ఏ గడిలో ఏది ఉంచాలో ఆయన కుదిర్చిన అమరికను విద్యాసాగర్ సాట్ అనేవారు. చేయి ఎటు పోతే అక్కడ అక్షరం అందాలన్నది లెక్క. బాబాయ్ సూచిక కూడా అలాంటిదే, కాకపోతే చేయి బదులు చెవి.

ఆదివారం ఆ బెంగాలీ కుర్రాడు ఇంటికి వచ్చాడు. తమ్ముడు ఫైళ్లున్న ఫోల్డర్ వాడి ఫోన్‌లోకి ఎక్కించి, గరగర అన్న మాట బెంగాలీ లిపిలో కూడా పక్కన రాయాలా అని అడిగాడు. కుర్రాడు నవ్వి, తమ భాషలో దాన్ని ఘర్ఘర్ అంటారన్నాడు. బాబాయ్ ఆ రెండు మాటలూ పక్కపక్కన రాయించారు. తర్వాత లోపలికి వెళ్లి 12వ డైరీ తెచ్చారు. ఈ ఏడాదిది, ఇంకా సగం ఖాళీగా ఉంది.